డాక్టరుగారి తల పైకెత్తిన యంత్రం

హైమక్క ఆ రోజు భోజనం వేళకల్లా ఓపీ ముగించి బయటికి వచ్చేసింది. ఇది చదివి మీకేమీ అనిపించలేదంటే, ప్రభుత్వాసుపత్రి డాక్టర్లెవరూ మీ ఇంట్లో లేరన్నమాట. నేనైతే వరండాలో అందరూ చూస్తుండగా గెంతేశాను. వరసలో ఒక్క మనిషి లేదు. బల్ల మీద ఒక్క కాగితం లేదు. మా అక్క కంఠం మీద, బొట్టుబిళ్ళ కంటే కాస్త పెద్దదిగా, మేం తయారుచేసిన పట్టీ మాత్రం అంటుకుని ఉంది.

"అయిపోయిందే పూర్ణా," అంది తనకే నమ్మకం కుదరనట్టు. "నిజంగానే అయిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి?"

"ఇంటికెళ్ళి అన్నం తినాలి."

"ఈ వేళప్పుడా?" అంది మా అక్క. ఆ ఆసుపత్రిలో చేరాక మధ్యాహ్నం అన్నం మధ్యాహ్నమే తినొచ్చన్న సంగతి ఆవిడ మరిచిపోయింది.

డాక్టర్ హైమవతి ఆడవాళ్ళ డాక్టరు. గోదావరి జిల్లాలో ఓ ఊరి ప్రభుత్వాసుపత్రిలో చేస్తుంది. ఊరి పేరు చెప్పను, చెపితే సూపరింటెండెంటుగారు నొచ్చుకుంటారు. అమ్మ పోయాక నన్ను పెంచి పెద్దచేసి ఇంజనీరింగు చదివించింది హైమక్కే. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. మంత్రసానితనం చెయ్యడానికి చదువుకున్న మనిషి రోజంతా గుమాస్తాగిరీ చేస్తుంటే చూసి చూసి నాకు ఒళ్ళు మండేది. ఓపీ చీటీ, కేసు షీటు, స్కానింగు ఫారం, రక్తపరీక్షల ఫారం, బీమా వాళ్ళ అనుమతి, పెద్దాసుపత్రికి పంపితే ఎందుకు పంపావన్న సంజాయిషీ. ఇదంతా ముందు కాగితం మీద రాయాలి, తరవాత కంప్యూటర్లో ఎక్కించాలి. కాగితం బాధ తప్పిస్తామని కంప్యూటర్లు తెచ్చారు కదా, ఆ బాధ రెట్టింపయింది. ఒక కాన్పు చెయ్యడానికి పట్టే సమయం కంటే ఆ కాన్పు జరిగిందని రాయడానికి పట్టే సమయం ఎక్కువ.

ఓసారి బళ్ళో టీచరు, మీ అమ్మ ఏం చేస్తుందని మా అక్క కూతురు చిట్టిని అడిగిందట. "కాగితాలు రాస్తుంది," అని చెప్పి వచ్చింది ఆ పిల్ల. హైమక్క నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. కాకినాడలో ఐసు ఫ్యాక్టరీ పైన నేనూ, నాతోటి ఇంజనీరు శామ్యూలూ నడుపుతున్న ప్రయోగశాలకి తిరిగి వెళ్ళి, చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పారేసి, 'గంటం' మొదలుపెట్టాను.

మనసులో ఏదైనా అనుకున్నప్పుడు మన గొంతు కండరాలు వెంట్రుకవాసి కదులుతాయి. పైకి వినపడదు, మనకీ తెలియదు. ఆ కదలికని పట్టుకుని మాటలుగా మార్చేదే గంటం. డాక్టరు రోగి పొట్ట మీద చెయ్యి వేసి 'ఏడో నెల, బిడ్డ అడ్డం తిరిగింది' అని మనసులో అనుకుంటే చాలు. కేసు షీటులోకి వెళ్ళాల్సింది అక్కడికి, మందుల గదికి వెళ్ళాల్సింది అక్కడికి, పై ఆఫీసుకి వెళ్ళాల్సింది అక్కడికి వెళ్ళిపోతుంది. నోరు మెదపక్కర్లేదు, కలం ముట్టుకోక్కర్లేదు. గదిలో ఉండేది మెడ మీద పట్టీ, గదిలో మాటలు కూడా వినడానికి మూలన అగ్గిపెట్టంత డబ్బా, అంతే.

మొదట్లో నానా తంటాలు పెట్టింది. ఒక సిజేరియను కేసు షీటులో, కుట్లు వేసిన వివరం పక్కనే, 'ఇవాళ కూడా బెండకాయ వేపుడేనా' అని రాసింది. ఇంకో దాంట్లో సూపరింటెండెంటుగారిని ఉద్దేశించి ఒక మాట రాసింది, అది నేనిక్కడ రాయను. పనిమాటలేవో, సొంత మాటలేవో విడదీయడం దానికి నేర్పేసరికి నాకూ శామ్యూలుకీ తాతలు దిగొచ్చారు. కానీ నేర్చుకుంది. ఇదిగో, ఇవాళ హైమక్క చేతులు ఊపుకుంటూ ఇంటికి నడుస్తోంది.

ఆ భోజనం నేను ఎప్పటికీ మరిచిపోను. బావ పాలిటెక్నిక్‌లో లెక్చరరు, ఆ రోజు సెలవు పెట్టాడు. అక్క గుమ్మంలోకి రాగానే కంగారుగా లేచి, "ఏమైంది, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. మేం పగలబడి నవ్వాం. చిట్టి బడి నుంచి అన్నానికి వచ్చి, అమ్మని చూసి గుమ్మంలోనే నిలబడిపోయి, ఆ తరవాత సంచీ విసిరేసి ఒళ్ళో ఎక్కి కూర్చుంది. ఏం కనిపెట్టాంరా బాబూ అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

"అసలు సంగతి అది కాదే," అంది హైమక్క పెరుగన్నం కలుపుతూ. "మొహాలు! మనుషులకి మొహాలుంటాయే పూర్ణా. నూకరత్నం అని ఒకావిడ ఎన్నేళ్ళ నుంచో వస్తోంది. ఆవిడ బుగ్గ మీద ఇంత పుట్టుమచ్చ ఉందని ఇవాళే చూశాను. ఇన్నాళ్ళూ వాళ్ళు చెబుతుంటే నేను తల వంచుకుని రాసుకుంటూ ఉండేదాన్ని."

చేతులు కడుక్కునే దగ్గర నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేంటే, అంత పాలిపోయావు?" అంది.

"పని ఎక్కువైంది," అన్నాను.

అది అబద్ధం. నాకు కొన్ని నెలలుగా రక్తం పోతోంది. నెలసరి కాదు, మధ్యలో. శామ్యూలుతో కలిసినప్పుడల్లా కనిపించేది, తరవాత తరవాత ఊరికే కూడా కనిపించడం మొదలుపెట్టింది. దాని అర్థం ఏమిటో నాకు తెలియకపోలేదు. మా అక్క ఇదే సంగతి ఊరూరా తిరిగి ఆడవాళ్ళకి చెబుతుంది, గర్భసంచి ముఖద్వారం దగ్గర కేన్సరు మొదలైతే ఇలాగే ఉండొచ్చు, ముందే చెబితే బతుకుతారు, దాచుకుంటే చస్తారు అని. ఆవిడ ఉపన్యాసాలకి మైకు సర్దిందే నేను. నేను దాచుకుంటున్నాను.

ఎందుకంటే చెప్పాలంటే మొదటి వాక్యంలోనే శామ్యూలు వస్తాడు. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నామని అక్కకి తెలియదు. తెలిస్తే తిట్టదు, కొట్టదు. 'నాకెందుకు చెప్పలేదే?' అని ఒక్క మాట అంటుంది. ఆ మాటంటేనే నాకు భయం. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు కదా అంటారు మీరు. కాకినాడలో ఉన్న ఆడవాళ్ళ డాక్టర్లందరూ మా అక్క సహాధ్యాయులే. చిన్నప్పుడు నాకు జడలు వేసిన వాళ్ళు కూడా ఉన్నారు అందులో.

"ఈ వారం చెప్పకపోతే నేనే వెళ్ళి చెప్పేస్తాను," అన్నాడు శామ్యూలు. అతను గట్టిగా మాట్లాడే మనిషి కాదు, అందుకే నాకు భయం వేసింది. "గంటం ఎక్కడికీ పోదు. నువ్వు పోతావు."

వచ్చే మంగళవారం గంటాన్ని చూడ్డానికి పై నుంచి అధికారులు వస్తున్నట్టు ఆ వారమే కబురొచ్చింది. నచ్చితే రాష్ట్రంలో ప్రతి ప్రభుత్వాసుపత్రిలోనూ పెడతారట! నాకు కాలు నేల మీద నిలవలేదు. ఆ ఊపులోనే నా సంగతి కూడా తేల్చేసుకోవాలనుకున్నాను. చెల్లెలిగా చెప్పలేకపోతే రోగిగా చెబుతాను. రోగులందరూ వెళ్ళిపోయాక ఆ స్టూలు మీద కూర్చుంటే చాలు, మాట దానంతటదే వస్తుందనుకున్నాను.

మర్నాడు ఉదయం ఓపీ గదిలో మూలన నా డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. యంత్రం పిల్ల అంటూ నాకు అందరూ అలవాటుపడ్డారు. నేనుండటం ఇష్టంలేని వాళ్ళు చెబితే బయటికి వెళ్ళిపోతాను, అక్క ముందే అడిగేది. చివరగా వచ్చింది నూకరత్నం.

"ఆయ్, నడుం నొప్పండి," అంది.

"ఎప్పటి నుంచమ్మా?" హైమక్క ముందుకి వంగి, ఆవిడ మొహంలోకి చూస్తూ అడిగింది. ఎంత ఆప్యాయంగా అడిగిందో!

"కార్తీకం ముందు నుంచేనండి. వరినాట్లకి వంగితే పట్టేత్తంది."

నడుం చూసింది, నొక్కి చూసింది, పరీక్షలు అనుకుంది, మందులు అనుకుంది. గంటం అన్నీ పంపేసింది. "ఇంకేమైనా ఉందా అమ్మా?"

నూకరత్నం కొంగు వేలికి చుట్టుకుంది. అక్క నవ్వుతూ ఆవిడనే చూస్తోంది. "ఏం లేదండి," అంది నూకరత్నం. గుమ్మం దాకా వెళ్ళి, తెర పట్టుకుని వెనక్కి తిరిగింది. అక్క ఇంకా నవ్వుతూనే చూస్తోంది. ఆవిడ చటుక్కున తెర వదిలేసి వెళ్ళిపోయింది. పని ఎంత తొందరగా అవుతోందో చూశారా అని నేను లోలోపల పొంగిపోయాను.

తరవాత నేను వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను.

"ఏమ్మా, ఏంటి బాధ?" అని ఆటపట్టించింది హైమక్క.

నేను నోరు తెరిచాను. ఎదురుగా ఆ కళ్ళు. నాకు అన్నం తినిపించిన మనిషి కళ్ళు, రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తున్నాయి. ఆ చూపులో కాస్త అలసట ఉన్నా, పక్కన కాగితం ఉన్నా, ఎవరైనా పిలిచినా, నాకు సందు దొరికేది. ఏమీ లేదు. ఆ అడ్డులన్నీ తీసేసింది నేనే.

"తలనొప్పి," అన్నాను.

"రాత్రీ పగలూ ఆ డబ్బాలో తల దూర్చితే రాదా మరి?" అని చెవి మెలేసి ఒక మాత్ర ఇచ్చింది.

బస్సులో కాకినాడ వచ్చేదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. ప్రయోగశాల మెట్లు ఎక్కగానే శామ్యూలు అడిగాడు. "చెప్పావా?"

"లేదు."

"ఎందుకు?"

"చూస్తోంది."

"డాక్టరు చూడక ఏం చేస్తారు?"

"ఇదివరకు చూసేది కాదు," అన్నాను విసుగ్గా. అన్నాక ఆగిపోయాను. నా నోటి నుంచి వచ్చిన మాటని నేనే మళ్ళీ విన్నాను. తెర పట్టుకుని వెనక్కి తిరిగిన నూకరత్నం కళ్ళ ముందు మెదిలింది. "శామ్యూల్! పాత రికార్డింగులు ఏవీ? గంటం రాకముందువి, కొయ్యనివి."

గంటానికి నేర్పడానికి ముందుగా హైమక్క ఓపీ గదిలో, రోగుల అనుమతితో, పేర్లు తీసేసి, గంటలకొద్దీ మాటలు రికార్డు చేశాం. అందులో కలం గీకుడు చప్పుడు తెగ విసిగించేది. అక్క రాసుకుంటున్నంతసేపూ గరగరమంటూ అదే. అక్కడ మాటలేం ఉండవులే అని, ఆ గీకుడు వినిపించిన ముక్కలన్నీ కోసేసి, మిగతాది గంటానికి తినిపించాం. కోసే ముందు ఒక్కటంటే ఒక్కటి కూడా వినలేదు. ఇద్దరమూ ఇంజనీర్లం, చప్పుడంటే పారెయ్యాల్సిన చెత్త అని చదువుకున్నవాళ్ళం.

ఇప్పుడు విన్నాం. కింద ఐసు ఫ్యాక్టరీ మోటార్లు ఝుమ్మంటుంటే చెరో చెవిలో చెరో ఇయర్‌ఫోను బుడిపె పెట్టుకుని, తలలు ఆనించి విన్నాం.

ఎవరో ఒకావిడ మోకాళ్ళ నొప్పి అంది. కలం గీకుతోంది. గీకుతోంది. చాలాసేపు గీకాక, అదే గొంతు బాగా తగ్గి, "ఇంకోటండి... దగ్గితే తడిసిపోతందండి," అంది. అక్క గొంతు "ఊఁ" అంది. కలం ఆగలేదు.

ఇంకో ముక్క. జ్వరం. కలం గీకుడు. తరవాత, "మా ఆయన తాగొచ్చి పొట్టమీద తన్నాడండి, అప్పట్నించీ బిడ్డ కదలట్లేదండి." "ఊఁ. కుడివైపా, ఎడమవైపా?" కలం ఆగలేదు.

ఇంకొకటి విన్నాం. మరొకటి. ప్రతి దాంట్లో కాదు గానీ, చాలావాటిలో ముందు చెప్పిన జబ్బు ఒకటి, కలం కదలడం మొదలయ్యాక చెప్పిన జబ్బు ఇంకొకటి. రెండోదే అసలైనది! నేను కుర్చీలోంచి లేచిపోయాను. "వీళ్ళు డాక్టరుకి చెప్పడం లేదురా! పాపిడికి చెబుతున్నారు. వంచుకున్న తలకి చెబుతున్నారు!"

శామ్యూలు గంటం పెట్టాక చేసిన రికార్డింగులు తెరిచాడు. ఎంత శుభ్రంగా ఉన్నాయో! గీకుడు లేదు, సందు లేదు. "ఇంకేమైనా ఉందా అమ్మా?" "ఏం లేదండి." "ఇంకేమైనా ఉందా?" "ఏం లేదండి." "ఏం లేదండి." గంటం వచ్చిన దగ్గర్నుంచి ఆ గదిలో ఎంతమంది తమ అసలు బాధని అలాగే కొంగులో ముడేసుకుని ఇంటికి పోయారు? మా అక్కకి ప్రేమగా చూసే తీరిక ఇచ్చి, వాళ్ళ నోళ్ళు నేను కుట్టేశాను. నా నోటితో సహా.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు శామ్యూలు. "మంగళవారం అధికారులు వస్తున్నారు."

"మా అక్కకి చెబుదాం," అన్నాను. భయమూ ఉంది, అంతకంటే ఎక్కువగా ఉత్సాహమూ ఉంది. ఇంత పెద్ద సంగతి దొరికాక ఎవరికి ఒళ్ళు నిలుస్తుంది?

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. వెనకవైపు వసారాలో అక్క పీట మీద కూర్చుని చిట్టి తలకి నూనె రాస్తోంది. ఆదివారం పూట ఆవిడ కూతురి తల దువ్వడం నేను చూడటం అదే మొదటిసారి. అంతకుముందు ఆదివారాలన్నీ కంప్యూటర్లో ఎక్కించడానికే సరిపోయేవి.

నేను చెప్పింది అంతా విని హైమక్క దువ్వెన పక్కన పెట్టేసింది. మొహం ఎర్రబడింది.

"అంటే నన్ను మళ్ళీ రాసుకోమంటావా?"

"అది కాదక్కా..."

"అదేనే! ఇన్నేళ్ళకి మనుషుల మొహం చూస్తున్నాను. నా పిల్ల తల దువ్వుకుంటున్నాను. ఇప్పుడొచ్చి, అదే తప్పు, తల దించుకో అంటావేంటి? రోగిని కళ్ళలోకి చూసి మాట్లాడమని కదే మాకు నేర్పించారు! అంత ప్రేమగా అడిగితే చెప్పనిది, పట్టించుకోకుండా రాసుకుంటుంటే చెబుతారా ఎవరైనా?"

ఆవిడ కోపంగా మళ్ళీ దువ్వెన తీసుకుని పాయలు తీయడం మొదలుపెట్టింది. చిట్టి మాకు వీపు పెట్టి, జామచెట్టు వైపు చూస్తూ కూర్చుంది. దువ్వెన చప్పుడే వినిపిస్తోంది.

"అమ్మా," అంది చిట్టి. "నాకు లెక్కల్లో సున్నా వచ్చింది. నాన్న సంతకం నేనే పెట్టేశాను."

హైమక్క చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. పెద్ద కళ్ళు చేసుకుని మా అక్క నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. పాపం చిట్టి తను ఎంత పెద్ద శాస్త్రీయ ప్రయోగం చేసిందో తెలియక, ఇంకా జామచెట్టు వైపే చూస్తోంది.

"ఊఁ," అంది హైమక్క నెమ్మదిగా, దువ్వడం ఆపకుండా. "ఎప్పుడు?"

"పోయిన నెల. ఇంకోసారి కూడా వచ్చింది."

నవ్వు ఆపుకోలేక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. జడ వెయ్యడం పూర్తయి, సంతకం సంగతి తేలి, చిట్టి బయటికి పరిగెత్తాక, హైమక్క నా చేతిలోంచి బుడిపెలు లాక్కుని తనే చెవుల్లో పెట్టుకుంది. పాతవి వింది. కొత్తవి వింది. వింటూ వింటూ కళ్ళు తుడుచుకుంది. "ఈ గొంతు నాకు తెలుసే. దగ్గితే తడిసిపోతోందన్నావిడ మొన్న మళ్ళీ వచ్చింది. ఎలా ఉందమ్మా అంటే బాగుందండి అంది. నేను నమ్మేశాను." బుడిపెలు తీసి నా చేతిలో పెట్టి, "కానీ నేను మళ్ళీ ఆ కాగితాలు రాయలేనే. చచ్చిపోతాను," అంది.

"ఎవరు రాయమన్నారు? గంటమే రాస్తుంది. నువ్వు తల వంచుకో చాలు."

"తల వంచుకుని ఏం చెయ్యను? గోళ్ళు గిల్లుకోనా?"

"ముగ్గు వెయ్యి," అన్నాను. ఎందుకో అదే నోటికొచ్చింది.

ఆ సాయంత్రమంతా నేనూ శామ్యూలూ మహా ఊపుగా పనిచేశాం. పెన్సిలు కాగితం మీద కదిలే చప్పుడు వినిపిస్తే చాలు, గంటం కళ్ళూ చెవులూ మూసుకునేలా నేర్పాం. ఆ సమయంలో చెప్పిన మాట ఎక్కడికీ పోదు. తరవాత డాక్టరు కావాలనుకుంటేనే, రోగి సరే అంటేనే, కేసు షీటులోకి వెళుతుంది. ఏ చప్పుడినైతే చెత్త అని కోసి పారేశామో, ఆ చప్పుడే ఇప్పుడు తాళంచెవి. రాష్ట్రానికంతటికీ పనికొచ్చే ఆలోచన అని మాకు తెలుస్తూనే ఉంది. కానీ పనిచేస్తుందో లేదో నూకరత్నం తేల్చాలి.

సోమవారం ఆశా కార్యకర్తతో కబురు పెడితే వచ్చింది నూకరత్నం. నేను మూలన గోడవైపు తిరిగి కూర్చున్నాను. నడుం ఎలా ఉందని అక్క అడిగింది, ఆవిడ చెప్పింది. తరవాత అక్క సొరుగులోంచి తెల్లకాగితం, పెన్సిలు తీసి, తల వంచుకుని చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. గది నిండా ఆ చప్పుడే. ఎంతసేపు! పనిచెయ్యదేమో అనుకున్నాను.

"ఇంకోటండి," అంది నూకరత్నం.

నేను కళ్ళు మూసుకున్నాను.

"కిందకి జారిపోతందండి. పెద్దోడి కాన్పప్పట్నించీ. కూకుంటే తగులుతాదండి. మా ఆయనక్కూడా సెప్పలేదండి."

"ఊఁ," అంది హైమక్క. చుక్కల చుట్టూ పెన్సిలు తిరుగుతూనే ఉంది. "గర్భసంచి జారడమంటారమ్మా దాన్ని. చిన్న ఆపరేషను. చాలామందికి ఉంటుంది. మనమే చేసేస్తాం."

"అవునాండీ?" అన్న ఆ గొంతులో ఉన్న తేలికని నేను మాటల్లో చెప్పలేను. ఇన్నేళ్ళూ ఆవిడ మోసిన బరువు ఒక్క మాటతో దిగిపోయింది. నూకరత్నం వెళ్ళగానే అక్కా నేనూ ఒకరి చేతులు ఒకరం పట్టుకుని చిన్నపిల్లల్లా గిర్రున తిరిగాం. "పనిచేసిందే పూర్ణా, పనిచేసింది!" ఆయాసపడుతూ కుర్చీలో కూలబడి, "ఇంకెవరైనా ఉన్నారా బయట?" అంది.

నేను వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను.

"మళ్ళీ తలనొప్పా?" అని నవ్వింది.

"ముగ్గు వెయ్యి అక్కా."

నవ్వు ఆగిపోయింది. ఒక్క క్షణం నన్ను చూసింది. అంతే, మెడ మీద పట్టీ పీకేసి బల్ల మీద పెట్టి, కొత్త కాగితం తీసుకుని తల వంచుకుంది. పెన్సిలు కదిలింది. దువ్వుకున్న జుట్టు మధ్య పాపిడి ఒక్కటే కనిపిస్తోంది. అందులో అక్కడక్కడా తెల్లవెంట్రుకలు ఉన్నాయి. వాటితో చెప్పాను.

శామ్యూలు గురించి చెప్పాను. ఒకే ఇల్లు అని చెప్పాను. రక్తం గురించి చెప్పాను. చెబుతుంటే ఎక్కడా ఆగాల్సిన అవసరం రాలేదు, చెప్పడం అంత తేలికని నాకు తెలియదు.

"ఊఁ." పెన్సిలు ఆగలేదు. చుక్కలు మాత్రం వరస తప్పుతున్నాయి. "కలిసినప్పుడేనా, ఊరికే కూడానా?"

"మొదట్లో అప్పుడే. ఇప్పుడు ఊరికే కూడా."

"నొప్పి?"

"లేదు."

"ఎన్ని నెలలు?"

చెప్పాను. పెన్సిలు కాస్త గట్టిగా నొక్కుకుంది. అప్పటికి జబ్బు తొలి మెట్టు దగ్గరే ఉందనీ, కోసి తీసేస్తే పోయేదేననీ వారం తరవాత పరీక్షలో తేలింది. కానీ ఆ నిమిషంలో ఆ సంగతి ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. చుక్కలు కలుపుతూనే ఉంది మా అక్క. గీత వంకర్లు పోతోంది.

"ఇంకేమైనా ఉందా?" అంది.

"శామ్యూలు మంచివాడక్కా."

"అది కూడా రోగలక్షణమేనా?" అంది తల ఎత్తకుండానే. కాగితం మీద ఒక నీటిబొట్టు పడింది. కొంగుతో దాన్ని అద్దింది.

"నీకు ముందే చెప్పాల్సింది."

"ఊఁ."

"కోపం వచ్చిందా?"

"చెప్పేది అయిపోయిందా పూర్ణా? నేను ఇంక నిన్ను చూడొచ్చా?"

"అయిపోయింది," అన్నాను. "చూడు."

పెన్సిలు కింద పెట్టి, మా అక్క తల ఎత్తింది.